అద్దె పుస్తకాల షాపులో తోబుట్టువుల అర

విశాఖపట్నంలో నవలలు అద్దెకు తెచ్చుకుని చదివే అలవాటున్న ఆడవాళ్ళు సీతమ్మధార రైతుబజారు వెనక సందులో ఉన్న ఈ షాపు చూసి తీరాలి. పిండిమర పక్క గది. బోర్డు మీద పేరేమీ ఉండదు, “పుస్తకములు అద్దెకు ఇవ్వబడును” అని ఒక్క ముక్క, దాని కింద జిరాక్స్, లామినేషన్ అని ఉంటుంది. కొత్తవాళ్ళు ఇదేదో జిరాక్స్ షాపనుకుని దాటిపోతారు. లోపల మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా ఇనప రాకులు, మధ్యలో ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. పిండిమర ఆడుతున్నంతసేపూ రాకులు సన్నగా అదురుతూ ఉంటాయి.

నడిపేది అరవై దాటిన ఒకావిడ. వాళ్ళ నాన్నగారు పెట్టిన షాపట. అప్పట్లో వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళు వారం వారం చింపి దాచి, కుట్టించి, అట్ట వేయించి అద్దెకిచ్చేవారు. ఆ బైండ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, మన ఊళ్ళోనే ఉండి రాసిన ద్వివేదుల విశాలాక్షి గారి నవలలు పై వరసల్లో కనిపిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పైన రేకు లేచిపోయి ఒక గోడ గోడంతా తడిసిందట. దక్కినవాటిని వారాల తరబడి మేడ మీద ఎండబెట్టి మళ్ళీ సర్దారు. వాటిని చేత్తో పట్టుకుంటే ఇట్టే తెలుస్తుంది, కాయితం అప్పడంలా ఉబ్బి, పక్క పుస్తకాన్ని నెడుతూ ఉంటుంది. పారేయమని ఎందరు చెప్పినా ఆవిడ పారేయలేదు. సముద్రపు చెమ్మకి పుస్తకం నిలవడమే కష్టమైన ఈ ఊళ్ళో, ప్రతి అరలోనూ కలరా ఉండలు, ఎండు వేపాకు పెట్టి ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన మనిషి అని ఆవిడ మీద నాకు చాలా గౌరవం.

నేను రాయాలనుకున్నది మాత్రం ఒక్క అర గురించి. గుమ్మంలోంచి వెళ్తే ఎడమ చేతి వైపు, సరిగ్గా కంటి ఎత్తున ఉంటుంది. ఆవిడే స్కెచ్ పెన్నుతో రాసి చీటీ అంటించారు: “తోబుట్టువులు, ఇంటి గుట్లు.” అన్నీ ఆడవాళ్ళు రాసినవే. తెలుగువీ ఉన్నాయి, ఇంగ్లీషువీ ఉన్నాయి. ప్రేమ, హాస్యం, డిటెక్టివ్ అని విడదీసే షాపులు చాలా చూశాను. ఇలా విడదీసిన షాపు నాకు ఇంకెక్కడా తగల్లేదు.

పుస్తకం అడిగితే ఆవిడ ముందు ఒక ప్రశ్న వేస్తారు. “ఇంట్లో పెద్దదానివా, చిన్నదానివా?” జవాబు విని దాన్నిబట్టి తీసిస్తారు. నేను నడిపిదాన్నని చెప్తే కాసేపు అర వైపు చూసి, “నడిపివాళ్ళ కోసం ఎవరూ సరిగ్గా రాయలేదమ్మా, నువ్వు అన్నీ చదువు” అన్నారు. అన్నీ చదివాను. ఆఖరి పేజీల సంగతి ఆవిడ ఎంత అడిగినా చెప్పరు. ఏ పుస్తకం ఎవరు పట్టుకెళ్ళారో కూడా చెప్పరు. ఖాతా పుస్తకం బల్ల సొరుగులో ఉంటుంది, మనం సంతకం పెట్టేటప్పుడు పై పేర్ల మీద ఒక అట్టముక్క అడ్డం పెడతారు. ఏం చదువుతున్నామో ఇంట్లోవాళ్ళకి తెలియకూడదనుకునే ఆడవాళ్ళు ఈ ఊళ్ళో ఎందరో ఉన్నారు. ఆ అట్టముక్క విలువ వాళ్ళకి తెలుస్తుంది.

ఇలాంటి నవలలు చదివేటప్పుడు నేను చూసేది ఒకటే. ఆ ఇంట్లో గుట్టు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ పక్కనే కూర్చుని ఇన్నేళ్ళూ అన్నం ఎలా తిన్నారు? ఈ ప్రశ్న దగ్గర ఆగి నిలబడిన నవల నాకు గొప్ప నవల. గుట్టు ఎంత పెద్దదైనా, ఎంత ఆశ్చర్యంగా బయటపడినా, ఈ ప్రశ్న వదిలేసిన నవల నాకు ఆనదు.

నేను ఒక దస్తావేజు లేఖరి గారి దగ్గర టైపు చేస్తాను. భాగ పంపకాలు, సెటిల్‌మెంట్లు, హక్కు విడుదల దస్తావేజులు, వీలునామాలు, రోజంతా నా వేళ్ళ కింద నుంచి పోయేవి ఇవే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకే బెంచీ మీద కూర్చుని ఎదురుచూడడం నేను చూసినంతగా ఇంకెవరూ చూసి ఉండరు. ఎవరెవరో తెలిసే వివరాలేవీ లేకుండా ఒక సంగతి చెప్తాను.

తల్లి పోయాక ముగ్గురు తోబుట్టువులు ఇంటి కాయితాల కోసం వచ్చారు. పెద్దావిడే మిగతా ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చింది. మేం ఈసీ తీశాం, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే కాయితం. తల్లి బతికుండగానే ఆ ఇల్లు పెద్దకూతురికి సెటిల్‌మెంట్ రాసి రిజిస్టరు చేసినట్టు అందులో ఉంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు, గొంతు పెంచాడు. పెద్దావిడ ఒక్క మాట మాట్లాడలేదు. తన నోటితో చెప్పలేని సంగతి కాయితం చేత చెప్పిద్దామని తీసుకొచ్చిందని నాకు అప్పుడర్థమైంది. దస్తావేజు నకలు తెప్పించాం. దాని మీద రాసిచ్చినవాళ్ళ ఫొటో, వేలిముద్ర ఉంటాయి. చిన్నావిడ ఆ కాయితం తీసుకుని రాసింది ఏమీ చదవలేదు. తల్లి ఫొటో మీద వేలు పెట్టి, భుజం దగ్గర అంచు వెతికి, “అప్పా, ఈ కోక నేను పండక్కి పెట్టిందే కదే” అంది. ఇంటి గురించి ఆ పూట ఆవిడ ఇంకేమీ అడగలేదు. అమ్మ ఆ చీర కట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వచ్చిన రోజు ఒకటుందని, ఆ రోజు అప్ప పక్కనుందని, ఆ తరువాత ఇన్ని పండగలకి అందరూ కలిశారని, ఆవిడ అవే లెక్క చూసుకుంటున్నట్టుంది.

ఆ బెంచీ మీద జరిగేదాన్ని బాగా పట్టుకున్న పుస్తకం ఈ అరలో అనితా దేశాయ్ రాసిన “క్లియర్ లైట్ ఆఫ్ డే.” 1980లో వచ్చింది, ఆ ఏడు బుకర్ ప్రైజు తుది జాబితాలో నిలిచింది. పాత ఢిల్లీలో ఒక ఇల్లు, నలుగురు పిల్లలు. పెద్దన్న రాజా, ఆ తరువాత బిమ్, తారా, అందరికన్నా చిన్నవాడు బాబా. బాబా దాదాపు మాట్లాడడు, పాత గ్రామఫోను రికార్డులు వేసుకుంటూ ఉంటాడు. బిమ్ పెళ్ళి చేసుకోకుండా కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ బాబాని చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తారా విదేశాంగ శాఖ ఉద్యోగిని చేసుకుని దేశాలు తిరుగుతోంది. రాజా మన హైదరాబాదులో ఉంటాడు. వాళ్ళ ఇంటి యజమాని కూతుర్ని చేసుకుని ఆ ఆస్తికి వారసుడయ్యాడు. మామగారు పోయాక బిమ్‌కి ఉత్తరం రాశాడు, నువ్వు ఆ ఇంట్లోనే ఉండొచ్చు, అద్దె పెంచను అని.

ఆ ఉత్తరం బిమ్ ఏళ్ళ తరబడి దాచుకుంటుంది. నవలంతా దాని బరువు మీదే నడుస్తుంది. ఖూనీ లేదు, దొంగ సంతానం లేదు, వీలునామా మాయం కావడం లేదు. అన్న చెల్లెలికి ఇంటి యజమానిలా ఒక ఉత్తరం రాయడం, అంతే. అంత చిన్నదాని మీద అంత పెద్ద నవల నిలబెట్టడం నాకు ఆశ్చర్యం. ఇంకో సంగతి కూడా నన్ను వదలదు. చిన్నప్పుడు ఒక తోటలో తేనెటీగలు బిమ్ మీద పడితే తారా అక్కని వదిలేసి పరుగెత్తింది. ఆ తప్పు తారా ఇన్నేళ్ళూ మోసింది. ఎప్పటికో ధైర్యం చేసి ఎత్తితే అక్కకి దాని మీద ధ్యాసే లేదు. అక్క మోస్తున్న బరువు వేరు. ఇద్దరు తోబుట్టువులు ఒకే బాల్యంలోంచి రెండు వేరువేరు గాయాలు తీసుకుని బయటికి వస్తారని ఇంత నెమ్మదిగా చూపించిన రచయిత్రిని నేను మళ్ళీ చదవలేదు.

ఈ షాపుకి ఇంకో గుణం ఉంది, దాని గురించి చెప్పడానికి ఇదే చోటు. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం ఆవిడ ఆదివారం సాయంత్రాలు కథ చెప్పిస్తారు. పిండిమర ఆగిపోయాక కుర్చీలు గుమ్మం బయట వేస్తారు. ఇంగ్లీషు నవల చదివినవాళ్ళు ఎవరైనా ఒకరు కథంతా తెలుగులో చెప్పాలి, మిగతావాళ్ళు వింటారు, అడుగుతారు. డబ్బు తీసుకోరు, టీ కూడా ఆవిడదే. “క్లియర్ లైట్ ఆఫ్ డే” నేనే చెప్పాను. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి, పెదవాల్తేరు నుంచి వచ్చే ఒక పెద్దావిడ నన్ను ఆపేశారు. “అద్దె పెంచనన్నాడు, బాగానే ఉంది. అసలు అద్దె మాట ఎందుకెత్తాడమ్మా?” అన్నారు. నాకు తెలిసి ఆ నవల మీద అంతకన్నా సూటి విమర్శ ఉండదు. తారా భర్త ఎలాంటివాడు, బాబాకి వైద్యం ఎందుకు చేయించలేదు, వాళ్ళ ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచిన మీరా మాసి తాగుడుకి ఎందుకు అలవాటుపడింది, అన్నీ అడిగారు. ఆ చీకటి పడే వేళ అందరూ వాళ్ళ ఇళ్ళ సంగతులు మాట్లాడుకున్నారు, ఒక్కరూ తమ ఇల్లని చెప్పకుండా.

ఝంపా లాహిరి కథల సంపుటి “అన్‌అకస్టమ్డ్ ఎర్త్” 2008 నాటిది. అందులో “ఓన్లీ గుడ్‌నెస్” అనే కథ కోసం పుస్తకం మొత్తం అద్దెకు తీసుకున్నా నష్టం లేదు. అమెరికాలో పెరిగిన బెంగాలీ అక్కాతమ్ముళ్ళు సుధ, రాహుల్. కాలేజీలో ఉన్న అక్క దగ్గరికి తమ్ముడు చూడ్డానికి వస్తే అక్కే వాడికి మొదటిసారి తాగడం అలవాటు చేస్తుంది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఇద్దరూ కలిసి అమ్మానాన్నలకి తెలియకుండా ఇంట్లో బీరు డబ్బాలు దాచుకుంటారు. అక్క సరదా అక్కడితో ఆగిపోయింది. తమ్ముడికి ఆగలేదు. చదువు పోయింది, ఇంట్లో పరువు పోయింది, మనిషే దూరమైపోయాడు. అమ్మానాన్నలు కొడుకు ఎందుకిలా అయ్యాడో అర్థంకాక కుమిలిపోతుంటే, మొదటి గుక్క ఎవరి చేతి మీదుగా వెళ్ళిందో తెలిసిన మనిషి వాళ్ళ ఎదురుగానే కూర్చుని ఉంటుంది.

మన ఇళ్ళల్లో తాగే తమ్ముళ్ళు లేరా? డబ్బులు అడిగినప్పుడల్లా అమ్మకి తెలియకుండా ఇచ్చిన అక్కలు లేరా? ఇచ్చిన చేయి ఇంట్లో దాక్కుంటుంది, తాగినవాడు వీధిలో పడతాడు. లాహిరి ఆ అక్కని తిట్టదు, కాపాడదు. సుధకి పెళ్ళై, బిడ్డ పుట్టి, లండన్‌లో సంసారం చేసుకుంటున్నప్పుడు తమ్ముడు చూడ్డానికి వస్తాడు. ఆ రాకలో ఏం జరిగిందో నేను రాయను, షాపావిడ ఒప్పుకోరు. సుధ భర్తకి కోపం వచ్చేది ఎక్కడో మాత్రం చూడండి. జరిగినదాని మీద ఎంతో, తనకి ఇంతకాలం చెప్పకపోవడం మీద అంత.

“ది వానిషింగ్ హాఫ్” గురించి పొట్టిగా చెప్తాను, ఇది ఎలాగూ మీ చేత వేగంగా చదివించేస్తుంది. బ్రిట్ బెనెట్ 2020లో రాసింది. లూసియానాలో మ్యాపుకెక్కనంత చిన్న ఊరు, ఆ ఊళ్ళో నల్లజాతివాళ్ళందరూ తెల్లగా పుట్టాలని కోరుకునేవాళ్ళే. డెజరే, స్టెల్లా అనే కవల అక్కచెల్లెళ్ళు 1954లో పదహారేళ్ళ వయసులో ఇల్లు వదిలి పారిపోతారు. స్టెల్లా తెల్లజాతి మనిషిగా చలామణి అయిపోయి, తెల్లజాతి భర్తతో, తన పుట్టుక ఏమిటో తెలియని కూతురితో బతుకుతుంది. డెజరే 1968లో నల్లటి కూతుర్ని చేయి పట్టుకుని సొంత ఊరికే తిరిగొస్తుంది. తోబుట్టువు గుట్టంటే ఇక్కడ ఒక మాటో కాయితమో కాదు, తోబుట్టువే గుట్టు. అక్కంటూ ఒకరుందని చెబితే చాలు, స్టెల్లా కట్టుకున్న ఇల్లంతా కూలిపోతుంది. పెళ్ళిచూపుల్లో “చామనఛాయ” అన్న మాట విని తలుపు వెనక నిలబడిన ప్రతి ఆడపిల్లా ఈ పుస్తకం చదవాలి. ద్వితీయార్ధంలో కథ కూతుళ్ళ చేతికి వెళ్ళాక కాస్త పలచబడిందని నాకు అనిపించింది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురయ్యే తీరు మరీ కలిసొచ్చినట్టుంటుంది. అయినా స్టెల్లా పక్కన ఉన్న ఆ భయం, తలుపు చప్పుడైతే చాలు ఉలిక్కిపడడం, బాగా రాసింది.

సెలెస్ట్ ఇంగ్ 2014లో రాసిన “ఎవ్రీథింగ్ ఐ నెవర్ టోల్డ్ యూ”లో ముగ్గురు పిల్లలు. 1977లో ఒహాయో రాష్ట్రంలో చైనా మూలాలున్న తండ్రి, తెల్లజాతి తల్లి. నడిపి పిల్ల లిడియా చనిపోయిందని మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది. ఇంట్లో అందరి ఆశలూ ఆ ఒక్క పిల్ల మీదే, మిగతా ఇద్దరూ ఉన్నా లేనట్టే. అందరికన్నా చిన్నది హానా బల్ల కింద కూర్చుని ఇంట్లో జరిగేదంతా చూస్తుంది. ఎవరూ పట్టించుకోని పిల్లకే అన్నీ తెలుసు, ఎవరూ అడగరు గనక చెప్పదు. మా ఆఫీసులో పెద్దవాళ్ళు వాటాల మాట మాట్లాడుకుంటుంటే బల్ల పక్కన ఫోను పట్టుకుని కూర్చునే మనవల్ని చూసినప్పుడల్లా నాకు హానానే గుర్తొస్తుంది. నడిపిదాని కోసం ఎవరూ రాయలేదన్న షాపావిడ మాట ఈ పుస్తకం విషయంలో నేను ఒప్పుకోను. లిడియా నడిపిదే, మోయగలిగినదానికన్నా ఎక్కువ మోసింది.

చిత్రా బెనర్జీ దివాకరుని 1999లో రాసిన “సిస్టర్ ఆఫ్ మై హార్ట్” ఈ అరలో అందరూ ఎక్కువగా పట్టుకెళ్ళే పుస్తకం. దాని అట్ట నలిగిన తీరు చూస్తే తెలుస్తుంది. కలకత్తాలో ఒకే రోజు పుట్టి ఒకే ఇంట్లో పెరిగిన అంజు, సుధ. కెంపుల వేటకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ తండ్రుల గురించి మేనత్త ఒక గుట్టు సుధ చెవిన వేస్తుంది. సుధ దాన్ని అంజుకి చెప్పకుండా మోస్తూ, దానివల్లే తన బతుకుని వేరే దారికి తిప్పుకుంటుంది. మొదటి సగం నాకు చాలా నచ్చింది. గుట్టు మోసేవాళ్ళు దాన్ని త్యాగం అనుకుంటారు, ఎదుటివాళ్ళకి అది దూరం పెట్టడంలా తెలుస్తుంది. ఆ రెండింటికీ మధ్య నలిగే స్నేహాన్ని ఆవిడ బాగా పట్టుకున్నారు. తరువాత తరువాత కెంపులు, మారువేషాలు మరీ ఎక్కువై కథ కథలోనే తిరిగింది. ఏడిపించే నవల కావాలనుకునేవాళ్ళు మొదట ఇదే తీసుకోవచ్చు. నాకు మాత్రం బిమ్ చేతిలో ఉత్తరమే చాలు.

తెలుగు వైపు వస్తే ఓల్గా గారి “విముక్త” ఉంది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన కథల సంపుటి. అందరూ అందులో సీత, శూర్పణఖ కలుసుకునే కథ గురించే మాట్లాడతారు. ఈ అరలో ఆ పుస్తకం పెట్టింది మాత్రం ఊర్మిళ కోసం. మన అమ్మమ్మలు ఊర్మిళాదేవి నిద్ర పాట పాడుకున్నారు. పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఇల్లాలు, భర్త వచ్చి లేపితే పరాయివాడనుకుని భయపడి దులిపేసిన ఇల్లాలు. ఓల్గా గారి ఊర్మిళ నిద్రపోదు. ఒక్క మాటైనా అడగకుండా అన్న వెంట వెళ్ళిపోయిన భర్త మీద కోపంతో తలుపులు మూసుకుంటుంది. ఆ మూసిన తలుపుల వెనక తనతో తనే వాదించుకుంటుంది. తిరిగొచ్చిన సీత ఆ గదిలోకి వెళ్తుంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకరు పద్నాలుగేళ్ళు అడవిలో, ఒకరు పద్నాలుగేళ్ళు గదిలో. రామాయణం అంతా అన్నదమ్ముల ప్రేమ గురించి చెప్పింది, ఈ అక్కచెల్లెళ్ళు ఏం మాట్లాడుకున్నారో చెప్పడానికి ఓల్గా గారు రావాల్సి వచ్చింది. “ఇంటి గుట్టు లంకకు చేటు” అని సామెత పెట్టి గుట్టు చెప్పిన తమ్ముడినే తప్పుపట్టారు మనవాళ్ళు. ఆ కొలువులో తమ్ముడి మాట విననివాళ్ళ మీద సామెత పుట్టలేదు.

ఇక షాపు మీద నా ఫిర్యాదులు. మొదటిది, ఆ అరలో ఇప్పటి తెలుగు నవలలు చాలా తక్కువ. పాత బైండ్లు ఉన్నాయి, “విముక్త” ఉంది, ఇంకొన్ని కథల సంపుటాలు ఉన్నాయి. ఇంగ్లీషు వరస ముందు తెలుగు వరస సగం కూడా లేదు. ఆవిడ్ని గట్టిగానే అడిగాను. “తెచ్చి పెడతాను, నువ్వు పేర్లు చెప్పు” అన్నారు. ఆ మాట ఇది చదివేవాళ్ళకి కూడా వర్తిస్తుంది. వెళ్ళినప్పుడు పేర్లు చెప్పండి.

నాకు కావాల్సిన తెలుగు నవల ఎలాంటిదో కూడా ఆవిడకి చెప్పాను. మన రాష్ట్రంలో హిందూ కుటుంబాల కూతుళ్ళకి పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు 1986 చట్టంతోనే వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి. దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి పుట్టుకతోనే ఆ హక్కుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత చేసినా మా ఆఫీసుకి హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవడానికి వచ్చే అక్కచెల్లెళ్ళకి ఏం వదులుకుంటున్నారో చాలాసార్లు ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. పసుపు కుంకుమ కింద కొంత, ఒక చీర, “పుట్టింటి దారి మూసుకుపోకూడదు కదా” అన్న ఒక మాట. టైపు చేసిన కాయితం చదివి వినిపించేటప్పుడు “స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా” అన్న వాక్యం దగ్గర నేను కావాలనే నెమ్మదిస్తాను. కొందరు తలెత్తి చూస్తారు. కొందరు చూడరు.

వీలునామా సంగతి ఇంకో నవల. సెటిల్‌మెంటైతే ఈసీలో దొరికిపోతుంది. రిజిస్టరు చేసిన వీలునామా ఈసీలో కనిపించదు. అది వేరే పుస్తకంలోకి ఎక్కుతుంది, రాసిన మనిషి బతికున్నంతకాలం నకలు ఆ మనిషికో, వాళ్ళు అధికారమిచ్చినవాళ్ళకో తప్ప ఎవరికీ ఇవ్వరు. అంటే తల్లి వంటింట్లో అందరికీ సమానంగా వడ్డిస్తున్న రోజుల్లోనే, ఎవరికి ఏముందో రాసిన కాయితం ప్రభుత్వ బీరువాలో ఉండొచ్చు. ఆవిడ పోయిన మర్నాటి నుంచి ఎవరైనా దరఖాస్తు పెట్టుకుని చూడొచ్చు. ఇంత కథ మన ఆఫీసుల్లో, మన వరండాల్లో పడి ఉంటే దీన్ని తెలుగులో ఒక ఆడమనిషి నవలగా రాయాలని, అది ఆ అరలో బిమ్ పక్కన నిలబడాలని నా కోరిక. రాసేవాళ్ళుంటే కాయితాల భాష నేను చెప్తాను.

రెండో ఫిర్యాదు, కొన్ని బైండ్లలో పేజీలు పోయాయి, ఆ సంగతి అట్ట మీద రాసి పెట్టడం లేదు. ఒక పాత సీరియల్లో అక్కాచెల్లెళ్ళు ఎదురెదురు పడబోతుండగా నాలుగు పేజీలు లేవు. తుపానులో పోయినవాటికి ఆవిడ్ని తప్పుపట్టలేం. అద్దెకిచ్చే ముందు చెప్పడం మాత్రం చేతిలో పనే. మూడోది వేళలు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా మూసేస్తారు, ఉద్యోగాలు చేసేవాళ్ళకి సాయంత్రం ఒక్కటే దిక్కు. పుస్తకం ఫోనులో చెప్పి పక్కన పెట్టించుకునే పద్ధతి లేదు, వెళ్ళాక ఉంటే ఉంది, లేకపోతే లేదు.

డిపాజిట్ 500, మానేసినప్పుడు మొత్తం తిరిగిస్తారు. అద్దె పుస్తకం ధరలో పదో వంతు, గడువు పదిహేను రోజులు, దాటితే రోజుకి 2 రూపాయలు. ఫోన్‌పే తీసుకుంటారు. ఒకేసారి రెండు పుస్తకాల కన్నా ఎక్కువ ఇవ్వరు. స్కూటీ పెట్టుకోవడానికి సందులో చోటు చాలదు, రైతుబజారు దగ్గరే ఆపి నడిచి వెళ్ళడం మేలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళైతే “క్లియర్ లైట్ ఆఫ్ డే” అడగండి, తమ్ముడున్న అక్కలైతే లాహిరి పుస్తకం అడగండి. ఇంగ్లీషు వద్దనుకుంటే ఆదివారం సాయంత్రం ఆరింటికి వెళ్ళి కుర్చీలో కూర్చోండి. వచ్చే వారం “ఓన్లీ గుడ్‌నెస్” చెప్పాల్సింది నేనే.